సత్యానికి సాక్షి: హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ సలామ్ (రజి)

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పట్టణాల్లో ఏ మక్తబ్‌కు వెళ్ళినా, పిల్లల హాజరు పిలిచేటప్పుడు వినిపించే పేర్లను ఒక్కసారి గమనించండి. మూసా, హారూన్, యూసుఫ్, దావూద్, సులైమాన్, జకరియ్యా, యహ్యా, మర్యమ్... మన ఇళ్ళలో ఎంతో ప్రేమతో పెట్టుకున్న పేర్లివి. ఈ పేర్లు గల మహనీయులంతా ఇస్రాయీల్ సంతతికి, అంటే హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలామ్) వంశానికి చెందినవారే.

అదే పిల్లలు ఇంటికొచ్చి యూదులంతా చెడ్డవాళ్ళేనా అని అడుగుతారు. పాలస్తీనా వార్తలు చూసి మండిన మనసుతో మనలో చాలామంది అవును అనేస్తాం. మరి మూసా (అలై) ఎవరు, హారూన్ (అలై) ఎవరు అని పిల్లవాడు మళ్ళీ అడిగితే మన దగ్గర సమాధానం ఉండదు. దివ్యఖుర్ఆన్ మాత్రం ఈ విషయంలో ఎంతో స్పష్టంగా మాట్లాడింది. గ్రంథ ప్రజలంతా ఒకేలాంటి వారు కారని, వారిలో రాత్రివేళల్లో దైవవాక్యాలు పఠిస్తూ సజ్దా చేసే సన్మార్గగాములు కూడా ఉన్నారని ఆలి ఇమ్రాన్ సూరా 113వ ఆయతులో అల్లాహ్ తెలియజేశాడు. ఈ ఆయతు ఎవరి గురించి అవతరించిందో వివరిస్తూ ఖుర్ఆన్ వ్యాఖ్యాతలు ముందుగా ప్రస్తావించే పేర్లలో ఒకటి హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ సలామ్ (రజి). పిల్లల ప్రశ్నకు మేము మా మాటల్లో జవాబివ్వడం కన్నా ఈ మహనీయుని జీవితాన్నే పాఠకుల ముందుంచడం మేలనిపించింది.

మదీనాలోని ధర్మపండితులు

హజ్రత్ సులైమాన్ (అలై) కట్టించిన ఆరాధనాలయాన్ని క్రీస్తుపూర్వం 586 ప్రాంతంలో బాబిలోను రాజు బుఖ్త్ నస్సర్ నేలమట్టం చేశాడు. తర్వాత మళ్ళీ కట్టుకున్న ఆలయాన్ని క్రీ.శ. 70లో రోమన్లు ధ్వంసం చేశారు. బలిపీఠం లేదు, ఆలయం లేదు, రాజ్యం లేదు. అలాంటి స్థితిలో ఆ జాతిని నిలబెట్టినవారు వారి ధర్మపండితులు. తౌరాతును కంఠస్థం చేయడం, దాని ఆదేశాలను చర్చించడం, తరువాతి తరానికి అప్పగించడం వారి పని. వారి చర్చలు క్రీ.శ. 200 ప్రాంతంలో మిష్నా అనే సంకలనంగా రూపొందాయి. ఆ తర్వాతి శతాబ్దాల్లో బాబిలోను ప్రాంతంలో తల్మూద్ అనే మహా గ్రంథం తయారయింది.

ఈ పండితులను వారు రబ్బీలు అనేవారు. విద్వాంసుడికి హిబ్రూ భాషలో హవేర్ అనే మాట కూడా ఉంది. అరబ్బీలో దానికి తోబుట్టువు లాంటి మాట హబ్ర్. దాని బహువచనమైన అహ్‌బార్ అనే పదం దివ్యఖుర్ఆన్‌లో మనం చదువుతూనే ఉంటాం. దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) కాలంలో మదీనాలో బనూ ఖైనుఖా, బనూ నజీర్, బనూ ఖురైజా అనే మూడు పెద్ద యూద తెగలుండేవి. వారికి బైతుల్ మిద్రాస్ అనే విద్యాలయం ఉండేది. దైవప్రవక్త (స) స్వయంగా అక్కడికి వెళ్ళి వారితో మాట్లాడిన సంఘటన సహీహ్ బుఖారీలో ఉంది.

బనూ ఖైనుఖా తెగలో ఒక పండితుని కుటుంబం ఉండేది. వారి వంశం హజ్రత్ యూసుఫ్ (అలై)తో కలుస్తుంది. ఆ ఇంట్లో పుట్టినవారే హుసైన్ బిన్ సలామ్. తండ్రి పండితుడు, తానూ పండితుడు. తౌరాతు ఆయనకు కరతలామలకం. ఒక ప్రవక్త రావలసి ఉందని, ఆయన సూచనలు ఫలానావని తన గ్రంథజ్ఞానం వల్ల ఆయనకు తెలుసు. ఆ రాక కోసం ఆయన నిరీక్షిస్తూ ఉండేవారు.

ఖర్జూర చెట్టు మీద విన్న వార్త

క్రీ.శ. 622. దైవప్రవక్త (స) మక్కా నుంచి హిజ్రత్ చేసి మదీనా శివార్లలోని ఖుబాకు చేరుకున్నారు. ఆ కబురు మదీనా అంతా పాకింది. ఇబ్నె ఇస్‌హాఖ్ సీరత్ గ్రంథం ప్రకారం ఆ సమయంలో హుసైన్ బిన్ సలామ్ ఖర్జూర చెట్టు పైన పని చేసుకుంటున్నారు. చెట్టు కింద ఆయన మేనత్త ఖాలిదా బిన్తె హారిస్ కూర్చుని ఉన్నారు. వార్త చెవిన పడగానే ఆయన చెట్టు మీది నుంచే బిగ్గరగా అల్లాహు అక్బర్ అన్నారు. మేనత్త ఆశ్చర్యపోయింది. సాక్షాత్తూ మూసా ప్రవక్త వచ్చాడని విన్నా నువ్వింతకన్నా ఎక్కువ సంతోషించేవాడివి కాదు కదా అని మందలించింది. ఈయన కూడా మూసా (అలై)కు సోదరుడేనని, మూసా ఏ ధర్మంతో పంపబడ్డారో అదే ధర్మంతో ఈయనా పంపబడ్డారని ఆయన నచ్చజెప్పారు. మనం ఎదురుచూస్తున్న ప్రవక్త ఈయనేనా అని ఆమె అడిగింది. అవునని ఆయన చెప్పారు. తర్వాత ఆ పెద్దావిడ కూడా ఇస్లాం స్వీకరించింది.

సహీహ్ బుఖారీలోని ఉల్లేఖనంలో మరో ముచ్చటైన విషయం ఉంది. ఇంటివారి కోసం కోసిన ఖర్జూరాలను కింద పెట్టడానికి కూడా ఆగకుండా, వాటిని చేతపట్టుకునే ఆయన దైవప్రవక్త (స) దగ్గరకు పరుగెత్తారట.

జనం గుంపులో నిలబడి ఆయన దైవప్రవక్త (స) ముఖాన్ని పరిశీలనగా చూశారు. ఇది అబద్ధాలాడేవాని ముఖం కాదని ఆయన మనసు వెంటనే సాక్ష్యమిచ్చింది. ఆయన చెవిన పడిన మొదటి బోధ నాలుగు విషయాల గురించి. సలామ్‌ను వ్యాపింపజేయాలి, ఆకలిగొన్నవారికి అన్నం పెట్టాలి, బంధుత్వాలను కలుపుకోవాలి, లోకం నిద్రించే వేళ లేచి నమాజ్ చేయాలి. అలా చేసినవారు శాంతితో స్వర్గంలో ప్రవేశిస్తారని దైవప్రవక్త (స) శుభవార్త వినిపించారు. ఈ హదీసును మనకు అందించినవారు ఆయనే.

మూడు ప్రశ్నలు

ముఖం చూసి మనసు నమ్మింది. అయినా ఆయన పండితుడు. పండితుడు అన్నాక పరీక్షించాలి. ప్రవక్తకు తప్ప మరొకరికి తెలియవని తాను భావించిన మూడు ప్రశ్నలు ఆయన అడిగారు. ప్రళయానికి తొలి సూచన ఏది? స్వర్గవాసులు తినే మొదటి ఆహారం ఏది? బిడ్డకు ఒకసారి తండ్రి పోలిక, ఒకసారి తల్లి పోలిక ఎందుకొస్తుంది?

ఈ విషయాలను జిబ్రయీల్ (అలై) ఇప్పుడే తనకు తెలియజేశారని దైవప్రవక్త (స) చెప్పి, ఒక్కొక్కటిగా జవాబిచ్చారు. తూర్పు నుంచి పడమర వైపు జనాన్ని తోలుకుపోయే అగ్ని ప్రళయానికి తొలి సూచన. చేప కాలేయానికి అంటి ఉండే అదనపు ముక్క స్వర్గవాసుల మొదటి ఆహారం. ఇక పురుషుని ద్రవం ముందైతే తండ్రి పోలిక, స్త్రీ ద్రవం ముందైతే తల్లి పోలిక వస్తుంది.

జవాబులు వినగానే ఆయన షహాదత్ పలికారు. దైవప్రవక్త (స) ఆయన పేరును మార్చి అబ్దుల్లాహ్ అని పెట్టారు. ఇంటికి తిరిగివెళ్ళి ఇంటివారిని కూడా సత్యం వైపు పిలిచారు. ఆ తర్వాత ఆయనకు ఒక కుమారుడు కలిగితే దైవప్రవక్త (స) ఆ పసివాడిని ఒడిలో కూర్చోబెట్టుకుని తల నిమిరి యూసుఫ్ అని పేరు పెట్టారు. వంశ మూలపురుషుని పేరు అది. ఇస్లాం స్వీకరించినంత మాత్రాన ఆయన తన పూర్వీకుల్లోని ప్రవక్తలను వదులుకోవలసిన అవసరం రాలేదని ఈ ఒక్క పేరే చెబుతోంది.

ఒక్క గడియలో మారిన మాట

తన జాతివారి స్వభావం అబ్దుల్లాహ్ (రజి)కి బాగా తెలుసు. తాను ముస్లిం అయిన సంగతి ముందే తెలిస్తే తన మీద లేనిపోని నిందలు వేస్తారని, కాబట్టి ముందు తన గురించి వాళ్ళనే అడగమని దైవప్రవక్త (స)ను కోరారు. ఆయన లోపల ఉండగా యూద ప్రముఖులు వచ్చారు. సలామ్ కుమారుడు మీలో ఎలాంటివాడని దైవప్రవక్త (స) ప్రశ్నించారు. అతను మాలో అందరికన్నా ఉత్తముడు, ఉత్తముని కుమారుడు, అందరికన్నా గొప్ప పండితుడు, గొప్ప పండితుని కుమారుడు అని వారు ఏకకంఠంతో చెప్పారు. అతనే ఇస్లాం స్వీకరిస్తే ఏమంటారని అడిగారు. అల్లాహ్ అతన్ని దాని నుంచి కాపాడుగాక అన్నారు. అప్పుడు అబ్దుల్లాహ్ (రజి) వారి ముందుకు వచ్చి షహాదత్ పలికారు. అదే నోళ్ళు అదే క్షణంలో ఇతను మాలో చెడ్డవాడు, చెడ్డవాని కుమారుడు అన్నాయి. తాను భయపడింది దీని గురించేనని ఆయన దైవప్రవక్త (స)కు విన్నవించుకున్నారు.

ఆ ఒక్క గడియలో ఆయన పోగొట్టుకున్నది ఏమిటో ఆలోచించండి. తరతరాల గౌరవం, జనం ముందు పండిత పీఠం, తనవాళ్ళ అభిమానం. రెండేళ్ళు తిరగకముందే, బద్ర్ యుద్ధం తర్వాత, బనూ ఖైనుఖా తెగ ఒప్పంద భంగం కారణంగా మదీనా విడిచి షామ్ దేశం వైపు వెళ్ళిపోయింది. ఆయన మాత్రం మదీనాలోనే ఉండిపోయారు.

ఇది కేవలం యూదుల జబ్బు కాదు. నిన్నటిదాకా మన వీధిలో అందరూ మెచ్చుకున్న వ్యక్తి ఒక న్యాయమైన మాట మనకు వ్యతిరేకంగా చెబితే, మనమూ అతని తాతముత్తాతల దాకా వెళ్ళి తిట్టిపోస్తాం. మన పంచాయితీల్లో, మసీదు కమిటీల తగాదాల్లో ఇది జరగడం మేము చూస్తూనే ఉన్నాం. మనిషి మారలేదు, మన స్వార్థానికి అడ్డొచ్చాడంతే.

చెయ్యి తీయమన్న పండితుడు

ఒకసారి వ్యభిచారానికి పాల్పడిన ఇద్దరిని యూదులు దైవప్రవక్త (స) దగ్గరకు తీసుకువచ్చారు. ఈ విషయంలో తౌరాతు ఏమంటోందని దైవప్రవక్త (స) అడిగితే, అవమానించి కొరడాలతో కొట్టడమేనని చెప్పారు. అది నిజం కాదని, రాళ్ళతో కొట్టి శిక్షించాలన్న ఆదేశం తౌరాతులో ఉందని అబ్దుల్లాహ్ (రజి) అన్నారు. తౌరాతు తెచ్చి చదవసాగారు. చదివే వ్యక్తి ఆ వాక్యం మీద చెయ్యి పెట్టి, దాని ముందున్నది, వెనుకున్నది చదివాడు. చెయ్యి తీయమని అబ్దుల్లాహ్ (రజి) ఆజ్ఞాపించారు. చెయ్యి తీయగానే ఆ వాక్యం బయటపడింది.

దైవగ్రంథాన్ని చదవడం వేరు, దాని ఎదుట తలవంచడం వేరు. వారసత్వం ఆస్తిలో వాటా గురించిన ఆయతు వచ్చినప్పుడు, ఆడపిల్లకు ఇవ్వవలసిన పొలం గుర్తొచ్చి మనం కూడా చెయ్యి అడ్డం పెట్టడం లేదా? కట్నం సంగతి వచ్చినప్పుడు, మహర్ సంగతి వచ్చినప్పుడు ఏం చేస్తున్నాం? గ్రంథాలు మోసే గాడిద ఉపమానాన్ని జుముఆ సూరాలో అల్లాహ్ పూర్వ గ్రంథ ప్రజల గురించి వినిపించాడు. అది మనం కూడా వినాలనే దాన్ని మన గ్రంథంలో పెట్టాడు.

స్వర్గ శుభవార్త, కట్టెల మోపు

భూమి మీద నడుస్తున్న మనుషుల్లో అబ్దుల్లాహ్ బిన్ సలామ్ తప్ప మరొకరిని స్వర్గవాసి అని దైవప్రవక్త (స) చెప్పగా తాను వినలేదని హజ్రత్ సాద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) తెలిపారు. అహ్‌ఖాఫ్ సూరా 10వ ఆయతులో ఇస్రాయీల్ సంతతి నుంచి సాక్ష్యమిచ్చిన వ్యక్తి ప్రస్తావన ఉంది. ఆ సాక్షి ఈయనేనని పలువురు వ్యాఖ్యాతలు చెప్పారు. ఆ సూరా మక్కాలో అవతరించింది కనుక అది ఈయన గురించి కాదన్నవారు కూడా ఉన్నారు. ఏది ఏమైనా ఆయన సాక్ష్యం నిజాయితీ గలదన్న విషయంలో భేదాభిప్రాయం లేదు.

ఆయన ఒక కల కన్నారు. పచ్చని విశాలమైన తోట, దాని మధ్య ఇనుప స్తంభం, దాని కొన ఆకాశంలో, ఆ కొనకు ఒక కడియం. ఎక్కమంటే తన వల్ల కాదన్నారు. ఒక సేవకుడు వెనుక నుంచి దుస్తులు పట్టి పైకి లేపాడు. ఆయన ఎక్కి కడియాన్ని గట్టిగా పట్టుకున్నారు. మెలకువ వచ్చేసరికి అది ఇంకా తన చేతిలోనే ఉన్నట్టు అనిపించింది. దైవప్రవక్త (స) ఆ కలకు అర్థం చెప్పారు. తోట ఇస్లాం, స్తంభం ఇస్లాం మూలస్తంభం, కడియం తెగిపోని దృఢమైన ఆధారం. అబ్దుల్లాహ్ మరణించేదాకా ఇస్లాం మీదే స్థిరంగా ఉంటారు.

చాలా ఏళ్ళ తర్వాత ఆయన మదీనా మసీదులో రెండు రకాతులు నమాజ్ చేసి వెళుతుంటే జనం స్వర్గవాసి అని చెప్పుకున్నారు. ఒకాయన వెంట వెళ్ళి ఆ మాట చెబితే, తెలియని విషయం ఎవరూ మాట్లాడకూడదని ఆయన సున్నితంగా వారించి, ఆ పేరు ఎందుకొచ్చిందో ఈ కల ద్వారా వివరించారు. అంతటి శుభవార్త పొందినవారు కూడా దాన్ని జెండాగా పట్టుకుని తిరగలేదు.

మరోసారి బజారులో నెత్తిన కట్టెల మోపు పెట్టుకుని వెళుతూ కనిపించారు. అల్లాహ్ మీకు కలిమి ఇచ్చాడు కదా, ఈ అవస్థ ఎందుకని అడిగారు. మనసులోని గర్వాన్ని పారదోలడానికే ఇలా చేశానని ఆయన బదులిచ్చారు. ఆవగింజంత అహంకారం ఉన్నా స్వర్గ ప్రవేశం ఉండదన్న దైవప్రవక్త (స) హెచ్చరికను గుర్తుచేశారు.

గడ్డిమోపు కూడా వడ్డీయే

మన ప్రాంతంవారు ఈ మహనీయుని దగ్గర ముఖ్యంగా నేర్చుకోవలసిన పాఠం ఒకటుంది. హజ్రత్ అబూ మూసా అష్‌అరీ (రజి) కుమారుడు అబూ బుర్దా ఇరాఖ్ నుంచి మదీనాకు వచ్చినప్పుడు అబ్దుల్లాహ్ (రజి) ఆయన్ను ఇంటికి ఆహ్వానించారు. దైవప్రవక్త (స) అడుగుపెట్టిన ఇల్లు అది. సత్తుపిండి, ఖర్జూరాలు పెట్టారు. ఆ తర్వాత ఒక హితవు చెప్పారు. మీరుండే దేశంలో వడ్డీ బాగా పాకిపోయింది, కాబట్టి నీకు బాకీ ఉన్న మనిషి ఒక మోపు గడ్డి గానీ, కొన్ని యవలు గానీ, పశుగ్రాసం గానీ కానుకగా ఇస్తే తీసుకోవద్దు, అది వడ్డీయే అని హెచ్చరించారు. ఇది సహీహ్ బుఖారీలో ఉంది.

ఈ హితవును పాలమూరు నేల మీద నిలబడి వినండి. పనుల కోసం దూర నగరాలకు వలసపోయే కుటుంబాలు, మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సు, వర్షాలు పడక ఎండిన చేను, కూతురి పెళ్ళికి చేసిన అప్పు... ఇవన్నీ మనకు పుస్తకాల్లో చదివిన కథలు కావు. అప్పు ఇచ్చినవారిలో మనవాళ్ళూ ఉన్నారు. నేను వడ్డీ తీసుకోవడం లేదు, హరామ్ కదా అంటారు. కానీ బాకీదారు పంట చేతికి రాగానే తెచ్చిన పల్లీల సంచి తీసుకుంటారు. అతని భార్య చేత ఇంటి పని ఉచితంగా చేయించుకుంటారు. కుదువ పెట్టించుకున్న చేనును తామే దున్నుకుని, ఏళ్ళ తరబడి పంట తింటూ, అసలు మాత్రం ఒక్క రూపాయి తగ్గించరు. కాగితం మీద వడ్డీ అనే మాట లేదు. కానీ గడ్డిమోపునే వద్దన్న పండితుడు ఈ పంటను చూస్తే ఏమనేవారు?

ధర్మవేత్తలు ఇందులో కొన్ని వివరాలు చెప్పారు. అప్పుకు ముందు నుంచే ఇద్దరి మధ్య కానుకలు ఇచ్చిపుచ్చుకునే అలవాటు ఉంటే, ఆ అలవాటు కొనసాగడంలో తప్పు లేదు. ఎలాంటి షరతు, ఒత్తిడి లేకుండా బాకీ తీర్చే సమయంలో బాకీదారు తన సంతోషం కొద్దీ మేలైనది ఇవ్వవచ్చు. దైవప్రవక్త (స) తాము తీసుకున్న ఒంటెకు బదులుగా అంతకన్నా మంచి ఒంటెను ఇచ్చారు. అప్పు భయంతో, గడువు కోసం, మొహమాటంతో వచ్చే కానుక మాత్రం తీసుకోరాదు. కుదువ పొలం విషయంలో ఉన్నవారు దగ్గరలోని ఆలిమ్‌లను సంప్రదించి లెక్క సరిచేసుకోవాలి. కుదిరితే ఈ పంట కాలంలోనే సరిచేసుకోవాలి.

జుమా రోజు ఆ ఘడియ

జుమా రోజున దుఆ అంగీకరించబడే ఒక ఘడియ ఉందని మనందరికీ తెలుసు. అది ఎప్పుడని హజ్రత్ అబూ హురైరా (రజి) అడిగితే, జుమా రోజు చివరి ఘడియ అని అబ్దుల్లాహ్ (రజి) చెప్పారు. ఆ ఘడియలో నమాజ్‌లో ఉన్న దాసుని దుఆ అంగీకరించబడుతుందని హదీసు ఉంది కదా, సూర్యాస్తమయానికి ముందు ఆ వేళ నమాజ్ ఉండదు కదా అని అబూ హురైరా (రజి) సందేహం వెలిబుచ్చారు. నమాజ్ కోసం ఎదురుచూస్తూ కూర్చున్నవాడు నమాజ్‌లో ఉన్నట్టేనని దైవప్రవక్త (స) చెప్పలేదా అని ఆయన తిరిగి ప్రశ్నించారు. చెప్పారని అబూ హురైరా (రజి) ఒప్పుకున్నారు. ఇదీ అంతేనన్నారు అబ్దుల్లాహ్ (రజి). ఒక వాక్యాన్ని మరో వాక్యంతో కలిపి అర్థం చేసుకునే పండితుని నేర్పు ఇది. పాత విద్య ఇస్లాంలోకి వచ్చాక వృథా కాలేదు, ఇంకా పదునెక్కింది. హిజ్రీ 18లో ప్లేగు వ్యాధితో మరణశయ్యపై ఉన్న హజ్రత్ ముఆజ్ బిన్ జబల్ (రజి) జ్ఞానం కోసం ఆశ్రయించమని చెప్పిన నలుగురిలో ఈయన ఒకరు. మిగిలినవారు అబూ దర్దా, సల్మాన్ ఫారసీ, ఇబ్నె మస్‌ఊద్ (రజియల్లాహు అన్హుమ్).

వంశాన్ని ఎత్తిపొడిచిన నాడు

హిజ్రీ 35లో తిరుగుబాటుదారులు హజ్రత్ ఉస్మాన్ (రజి) ఇంటిని ముట్టడించారు. వృద్ధుడైన అబ్దుల్లాహ్ (రజి) సహాయానికి వచ్చారు. లోపల ఉండడం కన్నా బయట జనానికి నచ్చజెప్పడమే మేలని ఖలీఫా చెబితే, ఆయన ఆ గుంపు ముందు నిలబడ్డారు. దైవప్రవక్త (స) తన పేరు మార్చిన సంగతి, తన గురించి అవతరించిన ఆయతుల సంగతి చెప్పారు. ఈ మనిషిని చంపవద్దని, చంపితే మదీనాకు కాపలాగా ఉన్న దైవదూతలు తొలగిపోతారని, ఒరలో ఉన్న ఖడ్గం బయటికొచ్చి ప్రళయదినం దాకా తిరిగి ఒరలోకి వెళ్ళదని హెచ్చరించారు.

దానికి ఆ గుంపు ఇచ్చిన జవాబు ఏమిటో తెలుసా? ఈ యూదుణ్ణి చంపండి, ఉస్మాన్‌ను కూడా చంపండి అన్నారు. 30 ఏళ్ళకు పైగా ముస్లింగా జీవించిన మనిషి, స్వర్గ శుభవార్త పొందిన సహాబీ. అయినా నచ్చని నిజం చెప్పేసరికి వారికి ఆయన వంశం గుర్తొచ్చింది. ఆ రోజు వారు చేసిన రక్తపాతంతో ఉమ్మత్‌లో మొదలైన చీలిక ఎంత దూరం వెళ్ళిందో చరిత్రే చెబుతోంది.

విశ్వాసుల మాత హజ్రత్ సఫియ్యా (రజి) కూడా యూద నాయకుని కుమార్తే. ఎవరో ఆమెను యూదుని కూతురన్నారని ఆమె ఏడిస్తే, నీ వంశంలో తండ్రి ఒక ప్రవక్త, పినతండ్రి ఒక ప్రవక్త, నీ భర్త ఒక ప్రవక్త, ఇక ఏ విషయంలో వారు నీ కన్నా గొప్ప అని దైవప్రవక్త (స) ఓదార్చారు. ఒక యూదుని శవయాత్ర వెళుతుంటే ఆయన లేచి నిలబడి, అది కూడా ఒక ప్రాణమే కదా అన్నారు.

ఇప్పుడు మన ఊళ్ళ వైపు చూద్దాం. నడిగడ్డ పల్లెల నుంచి నల్లమల అంచు దాకా, కొత్తగా ఇస్లాం స్వీకరించిన కుటుంబాన్ని మనం ఎలా చూస్తున్నాం? మసీదులో పక్కన నిలబెట్టుకుంటాం, పెళ్ళి సంబంధం దగ్గరకు వచ్చేసరికి పాత కులం ఆరా తీస్తాం. తరతరాలుగా ముస్లింలైన దూదేకుల సోదరులను కోపం వచ్చినప్పుడు ఏ మాటతో పిలుస్తాం? ఆ మాటకూ, ఉస్మాన్ (రజి) ఇంటి ముందు గుంపు అరిచిన మాటకూ ఎంత దూరముంది?

మనకు మిగిలిన మాట

ఆ తర్వాత రగిలిన అంతర్యుద్ధాల్లో అబ్దుల్లాహ్ (రజి) కత్తి పట్టలేదు. హజ్రత్ అలీ (రజి) ఇరాఖ్‌కు బయలుదేరుతుంటే దైవప్రవక్త (స) మింబర్‌ను వదిలి వెళ్ళవద్దని కోరినట్టు ఉల్లేఖనాలున్నాయి. హిజ్రీ 43లో, క్రీ.శ. 663 ప్రాంతంలో, మదీనాలోనే ఆయన కన్నుమూశారు. ఖర్జూర చెట్టు మీద సత్యాన్ని విని దిగిన ఊరిలోనే, కలలో పట్టుకున్న కడియాన్ని వదలకుండానే అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు.

గ్రంథ ప్రజల్లో తమ ప్రవక్తను విశ్వసించి, ఆ తర్వాత ముహమ్మద్ (స)ను కూడా విశ్వసించినవారికి రెండింతల పుణ్యం ఉందని హదీసు చెబుతోంది. ఇక పిల్లల ప్రశ్న దగ్గరకు వద్దాం. ఇకపై ఆ ప్రశ్న ఎదురైతే ఇలా చెబుదాం. ఎక్కడ అన్యాయం జరిగినా, ఎవరు చేసినా అది అన్యాయమే, బాధితుల పక్షాన నిలబడడం మన విధి. కానీ ఒక జాతిలో పుట్టినంత మాత్రాన ఎవరూ చెడ్డవారు కారు, ఒక జాతిలో పుట్టినంత మాత్రాన ఎవరూ మంచివారు కూడా కారు. ఒక వర్గం మీది ద్వేషం మిమ్మల్ని న్యాయం తప్పేలా చేయకూడదని మాయిదా సూరా 8వ ఆయతులో అల్లాహ్ మనల్నే ఆదేశించాడు. ఆ తర్వాత అబ్దుల్లాహ్ బిన్ సలామ్ (రజి) కథ చెప్పి, ఖర్జూరాలు కూడా కింద పెట్టకుండా సత్యం కోసం పరుగెత్తిన ఆ పండితుణ్ణి వారికి పరిచయం చేద్దాం.

సత్యం ఎవరి నోట విన్నా స్వీకరించే మనసును, గ్రంథం మీద అడ్డం పెట్టిన చేతిని తీసివేసే ధైర్యాన్ని, వడ్డీ నీడ కూడా పడని సంపాదనను, సోదరుని వంశం అడగని ప్రేమను అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.